ఆ గంటన్నర మాకివ్వండి: అమెరికా పత్రికల ఎడిటోరియల్ బోర్డులకు బహిరంగ లేఖ

అమెరికా పత్రికల ఎడిటోరియల్ బోర్డుల్లోని పెద్దలకు,

నమస్కారం.

మా సొంతూరు తెనాలి. ఇప్పుడుండేది అయోవా రాష్ట్రంలో, డిమోయిన్ నగరాన్ని ఆనుకునే ఉన్న వెస్ట్ డిమోయిన్‌లో. (ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ పేరులో రెండు ‘ఎస్’లు ఉంటాయి, రెండూ పలకరు. వచ్చిన కొత్తలో నేను రెండూ పలికి ఆఫీసులో నవ్వులపాలయ్యాను.) 1999లో వచ్చాను. 2014లో పౌరసత్వం తీసుకున్నాను. 2016లోనూ, 2020లోనూ డెమోక్రాటిక్ కాకస్‌లో నిలబడ్డాను. నిలబడ్డాను అంటే పోటీకి కాదు. అప్పట్లో మా దగ్గర ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవాలంటే చలికాలం రాత్రి ఏ స్కూలు జిమ్‌కో వెళ్లి, నచ్చిన మనిషి పేరు అంటించిన మూలలో నిజంగానే కాళ్ల మీద నిలబడాలి.

మీకు రాసే ఉత్తరం తెలుగులో ఎందుకంటే, మీ గురించి మా వాళ్ల మధ్య వాదన తెలుగులోనే నడుస్తోంది కాబట్టి. 2024 అక్టోబరు 25న, ఎన్నికకు 11 రోజుల ముందు, వాషింగ్టన్ పోస్ట్ ఇకపై అధ్యక్ష అభ్యర్థులెవరినీ ఎండార్స్ చేయబోమని, అంటే ఫలానా వారికి ఓటెయ్యండని సంపాదకీయం రాయబోమని ప్రకటించింది. అంతకు రెండు మూడు రోజుల ముందే లాస్ ఏంజిలిస్ టైమ్స్‌లో యజమాని ప్యాట్రిక్ సూన్-షియాంగ్ కమలా హారిస్‌కు అనుకూలంగా సంపాదకీయం రాకుండా ఆపేశారని బయటికొచ్చింది, సంపాదకీయ పేజీల ఎడిటర్ రాజీనామా చేశారు. ఇక మా వాట్సాప్ గ్రూపులో చూడాలి. పేపరుకు వార్తలు రాసుకునే పనిగానీ ఎవరికి ఓటెయ్యాలో చెప్పే పనేంటని సగం మంది. భయపడి నోరు మూసుకున్నారని మిగతా సగం. పోస్ట్‌కు రెండున్నర లక్షల మందికి పైగా చందా రద్దు చేసుకున్నారని వార్త వచ్చినప్పుడు మా గ్రూపులో కూడా ఇద్దరు రద్దు చేశారు. అందులో ఒకరు నెల తిరగకుండానే మళ్లీ కట్టారు, అది వేరే సంగతి.

ఆ వాదనంతా నవంబరు ఎన్నిక చుట్టూనే తిరిగింది. నేను రాస్తున్నది దాని గురించి కాదు, ప్రైమరీల గురించి, అంటే ఒక్కో పార్టీ తన అభ్యర్థి ఎవరో తేల్చుకోవడానికి ముందుగా పెట్టుకునే ఎన్నికల గురించి. మా కాకస్ కూడా ఆ కోవదే.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. తెనాలిలో మా నాన్నగారు రెండు పేపర్లు తెప్పించేవారు. ఒకటి ఏం జరిగిందో తెలుసుకోవడానికట, రెండోది అది జరగలేదని తెలుసుకోవడానికట. మా తెలుగు నాట ఏ పేపరు ఏ పార్టీ వైపో పేపరు వేసే కుర్రాడికి కూడా తెలుసు. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టినప్పుడు ఈనాడు ఆయనకు ఎంత అండగా నిలిచిందో మా తరం కళ్లారా చూసింది. తర్వాత 2008లో రాజశేఖర రెడ్డి గారి కుటుంబం నుంచి సాక్షి వచ్చింది. కానీ ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండి, ఇదిగో కారణాలు అని సంపాదకీయం పేజీలో పెట్టి, కింద ‘ఎడిటోరియల్ బోర్డు’ అని రాసుకునే ఆచారం మాకు లేదు. మాకు ఎండార్స్‌మెంట్ అంటే 365 రోజులూ హెడ్డింగు సైజులోనూ, ఫొటో ఎంపికలోనూ, ఏ వార్త ఏడో పేజీకి పోయిందన్న దాంట్లోనూ ఉంటుంది. అందుకే అమెరికా వచ్చాక మొదటిసారి మీ ఎండార్స్‌మెంట్ చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఏడాదికొక్క రోజు, అందరి ముందూ, కారణాలు చెప్పి మరీ పక్షం వహించడం! ఇది దొంగచాటు వ్యవహారం కంటే ఎంత మర్యాదగా ఉందో అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

పోస్ట్ యజమాని జెఫ్ బెజోస్ అప్పట్లో ఒక వ్యాసం రాశారు. అధ్యక్ష ఎన్నికల్లో పత్రికల ఎండార్స్‌మెంట్ల వల్ల త్రాసు ఎటూ మొగ్గదని, పెన్సిల్వేనియాలో ఏ ఓటరూ ఫలానా పేపరు చెప్పింది కాబట్టి ఇలా వేస్తున్నానని అనడని దాని సారాంశం. నవంబరు వరకు ఆయన మాట కాదనలేం. 2016లో దేశంలోని వంద పెద్ద పత్రికల్లో 57 హిల్లరీ క్లింటన్ వైపు, రెండంటే రెండే డొనాల్డ్ ట్రంప్ వైపు నిలిచాయి. గెలిచిందెవరో తెలిసిందే. నవంబరు నాటికి ఓటరు చేతిలో పెద్ద గుర్తు ఒకటి ఉంటుంది, అది పార్టీ పేరు. దాని ముందు మీ సంపాదకీయం పెళ్లి పందిట్లో పరాయి వాడి సలహా లాంటిది.

ప్రైమరీలో ఆ గుర్తు ఉండదు. అందరూ ఒక పార్టీ వాళ్లే. 2020లో డెమోక్రాట్ల వైపు పాతిక మందికి పైగా బరిలోకి దిగారు. ఆరోగ్య బీమా మీద ఒకరి ప్లానుకూ మరొకరి ప్లానుకూ తేడా చెప్పమంటే నాలాంటి వాడు, అదీ ఇన్సూరెన్స్ కంపెనీలోనే పని చేసేవాడు, నీళ్లు నమిలాడు. పైగా ఓటేసేవాళ్లు తక్కువ. ఆ ఏడాది మా రాష్ట్రం మొత్తం మీద డెమోక్రాటిక్ కాకస్‌లకు వచ్చింది సుమారు 1,76,000 మంది. అంత చిన్న గుంపులో కొన్ని వేల మంది మనసు మార్చుకుంటే టీవీల్లో మర్నాటి కథ మారిపోతుంది. పార్టీ పేరు అక్కరకు రాని చోట, సమాచారం చాలని చోట, తెలిసిన వాళ్లను అడగడం మనిషి సహజం. అలా అడగదగ్గ వాళ్లలో మీరొకరు.

బ్రౌన్ యూనివర్సిటీ ఆర్థికవేత్త బ్రయన్ నైట్, చున్-ఫాంగ్ చియాంగ్ కలిసి ఈ ఎండార్స్‌మెంట్ల మీదే చేసిన పరిశోధన ఒకటి 2011లో అచ్చయింది. వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఎప్పుడూ ఒక పార్టీ వైపే ఉండే పేపరు మళ్లీ ఆ పార్టీ మనిషినే మెచ్చుకుంటే పాఠకులు పెద్దగా కదలరు. ఊహించని మనిషిని మెచ్చుకుంటే కదులుతారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేది. వాళ్లు పరిశీలించింది 2000, 2004 నవంబరు ఎన్నికలనే. కానీ నాకు అందులో కనిపించింది ప్రైమరీ సంగతే. ఒకే పార్టీ వాళ్లు పదిమంది వరసలో నిలబడినప్పుడు మీరు ఎవరి పేరు రాసినా, అది మీ కాకి పిల్ల కాబట్టే రాశారని అనడం కష్టం.

ఇంత చెప్పాక, మీ జోస్యాల చిట్టా కూడా చెప్పుకోవాలి. మా ఊరి పేపరు డిమోయిన్ రిజిస్టర్‌నే తీసుకుంటాను. డెమోక్రాట్లలో 1988లో పాల్ సైమన్ అంది, మా కాకస్‌లో గెలిచింది గెఫార్ట్. 2000లో బిల్ బ్రాడ్లీ అంది, ఆల్ గోర్ చేతిలో చిత్తుగా ఓడాడు. 2008కి హిల్లరీ అంది, మూడో స్థానం. 2020లో ఎలిజబెత్ వారెన్ అంది, మళ్లీ మూడో స్థానం. 2016లో హిల్లరీ పేరు రాసినప్పుడు మాత్రం గెలుపు తగిలింది, అదీ బెర్నీ శాండర్స్ మీద పావు శాతం తేడాతో. రిపబ్లికన్లలో 2012కి మిట్ రామ్నీ పేరు రాసింది. కాకస్ రాత్రి ఆయన ఎనిమిది ఓట్లతో గెలిచాడన్నారు, రెండు వారాలు తిరిగేసరికి లెక్క సరిచూసి రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నాడన్నారు. పంచాంగం చెప్పే సిద్ధాంతి ఎవరైనా ఇన్నిసార్లు తప్పితే మా ఊళ్లో దక్షిణ ఇవ్వడం మానేస్తారు.

కానీ గెలిచే గుర్రాన్ని చెప్పడం మీ పని అనుకుంటేనే ఇది తప్పుల చిట్టా అవుతుంది. 2004 చూడండి. జనవరి 11న, ఆదివారం, రిజిస్టర్ జాన్ ఎడ్వర్డ్స్ పేరు రాసింది. అప్పటికి ఆయన నాలుగో వాడు. ఎనిమిది రోజుల తర్వాత కాకస్‌లో 32 శాతంతో రెండో స్థానానికి వచ్చాడు. హోవర్డ్ డీన్ 18 దగ్గర ఆగిపోయాడు. ఎడ్వర్డ్స్ ప్రసంగాలు బాగున్నాయి, డీన్, గెఫార్ట్ ఒకరినొకరు తిట్టుకుని ఇద్దరూ చెడ్డారు, కాబట్టి అంతా పేపరు మహిమే అనను. అయితే ఆ వారమంతా ఆయన మీటింగుల్లో ఆ సంపాదకీయం చేతికి చేతికి తిరిగిందని ఇక్కడి పాత కాపులు ఇప్పటికీ చెబుతారు. ఓడిపోయిన మనిషి మీద కూడా మీ మాట పని చేయగలదు. నాలుగో వాణ్ని జనం మళ్లీ ఒకసారి చూసేలా చేసింది.

ఇంకో సంగతి. మీ పేపర్లలో ఎండార్స్‌మెంట్ కంటే బలమైనది ఒకటుంది, ఓటర్లను ముందుగా అడిగి లెక్క తీసే పోల్. 2007 డిసెంబరు మధ్యలో రిజిస్టర్ సంపాదకీయం హిల్లరీ అంది. అదే పేపరుకు ఆన్ సెల్జర్ చేసిన పోల్ డిసెంబరు 31 రాత్రి వచ్చింది: ఒబామా 32, హిల్లరీ 25, ఎడ్వర్డ్స్ 24. మూడు రోజుల తర్వాత ఒబామా గెలిచాడు. అందరికీ గుర్తున్నది ఆ పోలే. అభిప్రాయం రాసేవాళ్లు ఒక గదిలో, లెక్కలు తీసేవాళ్లు ఇంకో గదిలో ఉన్నారనీ, ఒకరి మాట ఒకరు వినరనీ దీనికంటే మంచి రుజువు దొరకదు. మా వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కని విషయం కూడా ఇదే. సంపాదకీయం హిల్లరీ అంటే రిపోర్టరు కూడా హిల్లరీ మనిషే అనుకుంటారు. ఆ తేడా మీరు ఏడాదిలో ఎన్నిసార్లు, ఎంత పెద్ద అక్షరాల్లో చెబుతున్నారు? నేనైతే చాలడం లేదంటాను.

ఇక మా పొరుగావిడ గురించి చెబుతాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆవిడే. రిటైరైన స్కూల్ టీచరు, ఒక్కతే ఉండేది. 2020 జనవరి 26, ఆదివారం. పేపరు విప్పితే వారెన్ ఎండార్స్‌మెంట్. మధ్యాహ్నం మంచు తీయడానికి నేను పార పట్టుకుని బయటికొస్తే, ఆవిడ గుమ్మంలోంచి పిలిచి కాఫీ ఇచ్చింది. వంటింటి బల్ల మీద ఆ పేజీ పరిచి ఉంది. పక్కన పొట్టిగా అరిగిపోయిన పసుపు పెన్సిల్. మొత్తం సంపాదకీయంలో ఒక్కచోటే గీత గీసింది. పొగిడిన చోట కాదు. వారెన్ ప్రతిపాదించిన కొన్ని మార్పులు మరీ దూరం పోయాయనీ, ఆవిడ చెప్పిన పన్నుల మోతంతటినీ తాము సమర్థించలేమనీ బోర్డు ఒప్పుకున్న చోట. మార్జిన్‌లో ‘ఏమీ’ అని రాసుకుంది. ఏమీ అంటే ఇంకో అభ్యర్థి, ఎమీ క్లోబుషార్.

“పేపరు వారెన్‌కి వేయమంటే మీరు క్లోబుషార్ అంటారేంటి?” అని అడిగాను.

“నాకు కావాల్సింది వాళ్లే చెప్పారుగా” అంది.

ఫిబ్రవరి 3 రాత్రి జిమ్‌లో ఆవిడ క్లోబుషార్ మూలకు వెళ్లింది. మడతకుర్చీ వెంట తెచ్చుకుంది, మోకాళ్ల నొప్పి. గదిలో ఉన్నవాళ్లలో 15 శాతం మంది ఒక అభ్యర్థి వెనక చేరకపోతే ఆ గుంపు లెక్కలోకి రాదు, రెండో రౌండులో వేరే మూలకు వెళ్లాలి. క్లోబుషార్ గుంపుకు మా జిమ్‌లో కొద్దిమంది తక్కువయ్యారు. ఆవిడ కుర్చీ మడిచి, నింపాదిగా నడిచి వారెన్ మూలకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి భుజాలెగరేసింది. ఆ రాత్రి ఫలితాలు పంపాల్సిన యాప్ చెడిపోయి రాష్ట్రం మొత్తం పరువు పోయిందనుకోండి. నాకు మాత్రం మీ ఎండార్స్‌మెంట్ ఎలా పని చేస్తుందో ఆ జిమ్‌లో అర్థమైంది. ఆవిడ మీ మాట వినలేదు. చదివింది, వాదించింది, పక్కన పెట్టింది, రెండో అవసరానికి మళ్లీ తీసింది. గెలుపోటముల పట్టికలో ఇది ఎక్కడా నమోదు కాదు.

మీలో అందరూ ఇలా రాయలేదు, రాయడం లేదు కూడా. న్యూ హ్యాంప్‌షైర్‌లో మాంచెస్టర్ యూనియన్ లీడర్ పత్రికను విలియం లోబ్ నడిపిన రోజులు మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన ఆ రాష్ట్రంలో కాపురం కూడా లేడు, మసాచుసెట్స్‌లో ఉండేవాడు. అక్కడి నుంచే మొదటి పేజీ సంపాదకీయాలు రాసి, ఐసెన్‌హోవర్‌నూ ఫోర్డ్‌నూ కూడా వెటకారపు పేర్లు పెట్టి తిట్టాడు. 1972లో డెమోక్రాటిక్ ప్రైమరీలో దిగిన ఎడ్మండ్ మస్కీ మీదా, ఆయన భార్య మీదా రాసిన రాతలకు మస్కీ తట్టుకోలేక ఫిబ్రవరి 26న ఆ పేపరు ఆఫీసు ముందే ఒక ట్రక్కు ఎక్కి, కురుస్తున్న మంచులో లోబ్‌ను పిరికిపంద అని తిట్టాడు. చెంపల మీద జారింది కన్నీళ్లా, కరిగిన మంచా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఏడ్చాడనే పేపర్లు రాశాయి. పొరుగు రాష్ట్రం మెయిన్ సెనేటరు, ప్రైమరీలో 46 శాతంతో గెలిచాడు కూడా, అయినా ఆయన పని అక్కడితో అయిపోయింది. మస్కీని దెబ్బ తీయడానికి అదే పేపరులో వేసిన ఒక ఉత్తరం అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మనుషుల కల్పన అని తర్వాత తేలింది. ప్రైమరీలో పత్రిక బలం ఎంతో చెప్పమంటే చాలామంది ఈ కథే చెబుతారు. అది బలమే, కాదనను. కానీ దాన్ని ఎండార్స్‌మెంట్ అనరు, రౌడీయిజం అంటారు.

అదే పేపరు లోబ్ పోయిన చాలా ఏళ్ల తర్వాత, 2015 నవంబరులో, క్రిస్ క్రిస్టీ పేరు రాసింది. ఆయన 2016 ఫిబ్రవరి ప్రైమరీలో ఆరో స్థానంలో వచ్చి తప్పుకుని, ఆ నెలలోనే వెళ్లి ట్రంప్ పక్కన నిలబడ్డాడు. ట్రంప్‌ను మొదటి నుంచీ వ్యతిరేకించిన ఆ పేపరు, మేం పొరబడ్డాం అని అచ్చులో ఒప్పుకుని మాట వెనక్కి తీసుకుంది. మీ వృత్తిలో ఇలాంటివి ఎన్ని చూశారు? నాకైతే క్రిస్టీకి రాసిన సంపాదకీయం ఒక్క ముక్క గుర్తులేదు, ఆ ఒప్పుకోలు గుర్తుంది.

న్యూయార్క్ టైమ్స్ 2020లో చేసింది దీనికి పూర్తిగా రెండో కొస. అభ్యర్థుల్ని ఒక్కొక్కరినే పిలిచి, గంటకు పైగా కూర్చోబెట్టి, ప్రశ్నలన్నీ జవాబులన్నీ అచ్చేసి, టీవీలో కూడా చూపించింది. అంతవరకు అద్భుతం, ఏ పేపరూ అంత తలుపు తెరవలేదు. తీరా జనవరి 19న తీర్పు చూస్తే, వారెన్ మంచిదే, క్లోబుషారూ మంచిదే అని ఇద్దరి పేర్లూ రాసింది. పాము చావలేదు, కర్ర విరగలేదు. జిమ్‌లో నేను ఒక్క మూలలోనే నిలబడగలను కదండీ!

ఆ టీవీ కార్యక్రమంలోనే ఒక చిన్న ముక్క ఉంది. ఇంటర్వ్యూకు వచ్చిన జో బైడెన్‌ను లిఫ్టులో పైకి తీసుకెళ్తున్న సెక్యూరిటీ గార్డు, ఒక యువతి, ఆయన్ని చూసి ఉండబట్టలేక మీరంటే నాకు చాలా ఇష్టం అంది. ఇద్దరూ సెల్ఫీ దిగారు. పైన బోర్డు రూములో బైడెన్‌కు ఎండార్స్‌మెంట్ రాలేదు. ఆగస్టులో పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిగా బైడెన్ పేరు మొట్టమొదట ప్రతిపాదించింది ఆ అమ్మాయే. బోర్డు రూముకంటే లిఫ్టుకే ఎక్కువ తెలుసని మా గ్రూపులో అప్పట్లో తెగ నవ్వుకున్నాం. నవ్వు సంగతి అలా ఉంచి, వారెన్ తన సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లో మూడో స్థానానికి పడిపోయింది. క్లోబుషార్ అంతకు ముందు రోజే తప్పుకుంది.

సౌత్ కరోలైనాలో ఇంకా స్పష్టంగా కనిపించింది. కొలంబియా నుంచి వచ్చే ద స్టేట్ పత్రిక పీట్ బూటిజెజ్‌ను ఎండార్స్ చేసింది. ఆయనకు వచ్చింది 8 శాతం. అమెరికా ప్రతినిధుల సభలో ఆ రాష్ట్ర సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఫిబ్రవరి 26న బైడెన్ పేరు చెప్పారు, మూడు రోజుల తర్వాత బైడెన్‌కు 48 శాతం పైన వచ్చింది. బయటికొచ్చిన ఓటర్లను అడిగితే పది మందిలో ఆరుగురు క్లైబర్న్ మాట తమకు ముఖ్యమే అన్నారు. ఆయన నోరు విప్పడానికి ముందు జరిగింది ఆయనే చాలాసార్లు చెప్పారు. తన అకౌంటెంటు అంత్యక్రియలకు చర్చికి వెళితే, ముందు వరసలోని ఒక పెద్దావిడ పిలిచి, ఎవరికి వేస్తున్నావో నాకు చెప్పు, గట్టిగా చెప్పడం ఇష్టం లేకపోతే చెవిలో చెప్పు అందట. మీ బోర్డును ఈ మధ్య ఎవరైనా అలా చెవిలో చెప్పమని అడిగారా? అడగడానికి మీరు ఆ చర్చిలో ఉండాలి. 2005 నుంచి ఇప్పటికి ఈ దేశంలో మూడో వంతుకు పైగా పేపర్లు మూతపడ్డాయి. మిగిలినవాటిలో చాలావాటి యజమానులు ఎక్కడో ఉంటారు. 2022లో ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ, తన చేతిలోని పేపర్లు అధ్యక్ష, సెనేట్, గవర్నర్ ఎన్నికల్లో ఎండార్స్ చేయడం మానేస్తాయని ఒకేసారి ప్రకటించేసింది. షికాగో ట్రిబ్యూన్, డెన్వర్ పోస్ట్ లాంటి ఎక్కడెక్కడి పేపర్లకో ఒకే తాళం.

ఇక్కడే మీరు చూడని నష్టం ఒకటుంది.

ఎండార్స్‌మెంట్ మానేస్తే పోయేది ఒక సంపాదకీయమే అనుకుంటున్నారు. పోయేది ఆ గంటన్నర. అధ్యక్షుడు కావాలనుకునే మనిషి, విమానం దిగి, తన మనుషుల్ని బయట కూర్చోబెట్టి, మీ ఊరి బోర్డు రూములో నీళ్ల గ్లాసు ముందు కూర్చుని, ఇథనాల్ గురించీ, పందుల ఫారాల కంపు గురించీ, నదుల్లో నైట్రేట్ల గురించీ ఎందుకు జవాబులు చెబుతాడు? చివర్లో ఏదో దక్కుతుందన్న ఆశతో. సంబంధం కలుపుకునే ఉద్దేశమే లేదని ముందే చెప్పేస్తే పెళ్లిచూపులకు ఎవరొస్తారండీ? పాడ్‌కాస్టులకు వెళ్తారు, అక్కడ మూడు గంటలు కూర్చోబెట్టి అడ్డు ప్రశ్న ఒక్కటి వేయరు. 30 సెకన్ల వీడియో వదులుతారు. మా జిల్లా గురించి ఏమీ తెలుసుకోకుండానే మా జిల్లా ఓట్లు పట్టుకుపోతారు.

కాబట్టి నేను అడుగుతున్నది ఎండార్స్‌మెంట్ మానొద్దని. ప్రైమరీల్లోనైనా మానొద్దు. నవంబరులో మానుకుంటే మానుకోండి, నేను పెద్దగా బాధపడను. కానీ రాసే తీరు మార్చండి. పేరు కంటే ముందు ఆ గది చూపించండి. ఏ ప్రశ్నకు మనిషి ముందుకు వంగాడు, దేనికి వాచీ చూసుకున్నాడు, దేనికి సహాయకుడి వైపు తిరిగాడు, ఇవన్నీ మీరు చూస్తారు, మేం చూడం. ఇంటర్వ్యూ మొత్తం చందా గోడ వెనక పెట్టకుండా వదలండి, ప్రైమరీకి ముందు నాలుగు వారాలపాటైనా. మీలో ఎవరికి ఎవరు నచ్చలేదో కూడా చెప్పండి. పది మంది కూర్చుని ఒకే మాట అనుకున్నారంటే మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో కూడా నమ్మరు. యజమాని ఆ గదిలోకి వచ్చాడా, ఫోన్ చేశాడా, అది కూడా ఒక్క వాక్యం. వస్తే తప్పని కాదు, డబ్బు ఆయనది. చెప్పకపోతేనే తప్పు.

తేదీ సంగతి కూడా చూసుకోండి. 2020లో సూపర్ ట్యూస్‌డేకి, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే మంగళవారానికి ముందే పోస్టులో ఓటేసిన మా బావమరిది, కాలిఫోర్నియాలో ఉంటాడు, బూటిజెజ్‌కు వేశాడు. మార్చి 1న బూటిజెజ్ తప్పుకున్నాడు. వాడి ఓటు గోదాట్లో కలిసింది. బ్యాలెట్లు ఇళ్లకు చేరిన మూడు వారాలకు వచ్చే ఎండార్స్‌మెంటు పెళ్లయ్యాక వచ్చిన జాతకం.

మీ పొరపాట్లు మీరే చెప్పుకునే అలవాటు కూడా చేసుకోండి. ఎన్నిక అయిపోయిన నెలకు, ఫలానా మనిషి గురించి మేం ఇది రాశాం, ఇది నిజమైంది, ఇది కాలేదు అని అరపేజీ. క్రిస్టీ విషయంలో యూనియన్ లీడర్ చేసి చూపించింది కాబట్టి ఇది కుదరని పని కాదు.

2028లో ఎవరు ముందు ఓటేస్తారో, మా అయోవా వరసలో ఎక్కడ ఉంటుందో నాకు తెలియదు. 2024లో డెమోక్రాట్లు మమ్మల్ని పక్కకు తోసి సౌత్ కరోలైనాకు పీట వేశారు. అయినా అభ్యర్థులు ఎక్కడికో అక్కడికి రాక తప్పదు, ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక బోర్డు రూములో దీపం వెలగక తప్పదు. అది మీ ఊరే కావచ్చు.

మా పొరుగావిడ రెండేళ్ల కిందట కొడుకు దగ్గరికి అరిజోనా వెళ్లిపోయింది. ఇల్లు ఖాళీ చేస్తూ నాకు ఒక అట్ట ఫోల్డరు ఇచ్చింది. అందులో అన్నీ మీ రకం కాగితాలే, కత్తిరించి దాచినవి. పాల్ సైమన్‌ది పసుపెక్కిపోయింది, మడత దగ్గర చిరిగింది. ఎడ్వర్డ్స్ కాగితం మీద పెద్ద ఇంటూ మార్కు ఉంది, అది కాకస్‌కు ముందు పెట్టిందో, ఆయన వివాహేతర సంబంధం సంగతి బయటపడ్డాక పెట్టిందో అడగడం మర్చిపోయాను. చివరిది 2020ది.

మా అమ్మాయి ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో పెట్టి మా పేపరుకు పంపుతానంటోంది. మీ పేజీలో పాఠకుల ఉత్తరానికి రెండు వందల చిల్లర మాటలకు మించి చోటు లేదట. బెజోస్ గారిని తీసేస్తానంది, లోబ్‌ను తీసేస్తానంది, తాతయ్య రెండు పేపర్లు ఇంగ్లీషులో ఎవరికీ అర్థం కావంది. సరే అన్నాను. పొరుగావిడ పెన్సిల్ గీత మాత్రం ఉంచమన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
వెస్ట్ డిమోయిన్, అయోవా